పాత లారీకి టైమింగ్ పరీక్ష: ఒంగోలు బైపాస్ దగ్గర, డీజిల్ ఇంజెక్షన్ పంపులు బాగుచేసే షెడ్డు

చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు మోసి ఆరు లక్షల కిలోమీటర్లు దాటిన మా లారీ, ఉదయం స్టార్ట్ చేయగానే తెల్లని పొగ వదులుతూ, లోడుతో ఎత్తు ఎక్కలేక వేడెక్కుతుండటంతో, ఈ షెడ్డుకు తీసుకువెళ్లాము. ఇటువంటి లక్షణాలు కనబడగానే, ఇంజన్‌కు డీజిల్ అందించే ఇంజెక్షన్ పంపును విప్పేయడం చాలాచోట్ల అలవాటు. ఇక్కడి మేస్త్రీ గారు మాత్రం, డీజిల్ చిమ్మే నాజిళ్లు అరిగినా, సిలిండర్లలో గాలిని నొక్కే ఒత్తిడి (కంప్రెషన్) తగ్గినా అదే పొగ వస్తుందని వివరించి, ముందుగా ఆ రెండింటినీ పరీక్షించారు.

ఆ తరువాతే మొదటి సిలిండరును కంప్రెషన్ స్ట్రోకుకు తెచ్చి, పంపులోని డెలివరీ వాల్వు తీసి, ఆ చోట వంపు గొట్టం బిగించి, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పుతూ, ధారగా కారే డీజిల్ చుక్కలుగా మారే క్షణాన్ని డీజిల్ చిమ్మడం మొదలవ్వాల్సిన వేళను (టైమింగ్) చూపే ఫ్లైవీల్ గుర్తుతో పోల్చారు. గుర్తు దాటిన తరువాతే ధార తెగింది, అంటే ఇంజెక్షన్ ఆలస్యమవుతోంది.

పంపును కొద్దిగా తిప్పి, టైమింగ్ సరిచేసి మమ్మల్ని పంపించివేయవచ్చు. అలా చేయకుండా, టైమింగ్ గేర్ల పళ్ల మధ్య పెరిగిన ఖాళీని కొలిచి, పంపును ఇంజన్‌తో కలిపే కప్లింగు వదులైందని చూపించారు. ఇంత తిరిగిన బండిలో అసలు కారణాన్ని వదిలేస్తే టైమింగ్ మళ్లీ తప్పుతుంది కనుక, ఈ శ్రద్ధకే నేను అత్యంత విలువ ఇస్తాను. కూలి కొంత ఎక్కువే. బండిని రాత్రికి అక్కడే వదలాలి. మార్చిన పాత భాగాలను మాత్రం అడగకుండానే చేతికిచ్చారు.