ఒక్క రూపాయి ట్రయల్ అంటే నమ్మి పాటల ఎడిటింగ్ యాప్‌కి పిన్ కొట్టకండి

పాత పాటల్ని మనకి నచ్చినట్టు కత్తిరించి అతికించుకుని వినే అలవాటున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. ఇళయరాజా పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్లంటే నాకు పిచ్చి, అవి ఇట్టే అయిపోతాయని బాధ కూడా. అందుకే ఆ బిట్ రెండుసార్లు వచ్చేలా అతికించుకుని పొద్దున వాకింగ్‌లో వింటుంటాను. ఎవరికీ ఇవ్వను, ఎక్కడా పెట్టను, నా చెవులకి మాత్రమే.

పోయిన నెల ఈ పని ఫోన్లోనే చేసిపెట్టే యాప్ ఒకటి కనబడింది. లాస్‌లెస్ క్వాలిటీ (అంటే శబ్దంలో ఏమీ పోకుండా) అట, మూడు రోజుల ట్రయల్ ఒక్క రూపాయే అట. రూపాయే కదా అని యూపీఐ పిన్ కొట్టేశాను. తీరా చూస్తే నేను ఒప్పుకున్నది వారానికి 499 చొప్పున ఆటోపేకి, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుకి! ఆ ముక్క స్క్రీన్ అడుగున బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. రెండో రోజే నచ్చక యాప్ తీసేసి, పీడ వదిలిందనుకున్నాను. యాప్ తీసేస్తే ఆటోపే పోదు. ఇలాంటి వాటికి 15,000 దాకా ప్రతిసారీ పిన్ కూడా అడగరు, 24 గంటల ముందు ఒక మెసేజ్ వస్తుందంతే. వచ్చింది, ఏదో లోన్ మెసేజ్ అనుకుని నేనే చూడలేదు. రెండు వారాల్లో 998 గోవిందా.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఇచ్చిన సరుకు ఇంకా ఘోరం. నేనిచ్చింది నా సీడీ నుంచి ఏమీ తగ్గించకుండా తీసిన వేవ్ ఫైల్. తిరిగొచ్చింది ఫ్లాక్ (లాస్‌లెస్ ఫైళ్లలో ఒక రకం) అని పేరున్న ఫైల్, సైజు కూడా బాగానే ఉంది, కానీ హెడ్‌ఫోన్స్‌లో వింటే తాళాల చప్పుడు నీళ్లలోంచి వస్తున్నట్టుంది. అనుమానమొచ్చి రెండింటినీ కంప్యూటర్లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దాలు ఎంతున్నాయో రంగుల్లో చూపే బొమ్మ) చూశా. నా ఫైల్లో రంగు 20 కిలోహెర్ట్జ్ దాకా పాకింది, వాళ్లదాంట్లో 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత తీసేసే 128 కేబీపీఎస్ ఎంపీ3లో సాధారణంగా కనబడే కోత అది. అంటే లోపల ఎంపీ3 చేసేసి పైన ఫ్లాక్ చొక్కా తొడిగినట్టే లెక్క, ఒకసారి పోయిన శబ్దం ఫార్మాట్ మార్చితే తిరిగి రాదు. (పాత రికార్డింగుల్లో పై శబ్దాలు అసలే తక్కువుండొచ్చు, కాబట్టి వాళ్ల ఫైల్ ఒక్కటే చూసి తేల్చేయకండి, మీ ఒరిజినల్ పక్కన పెట్టి చూడండి.) పైగా అతుకు పడిన ప్రతిచోటా టిక్ టిక్.

అదే అతుకు ఆడాసిటీలో నేనే వేసుకున్నాను, అది పూర్తిగా ఉచితం. బిట్ సెలెక్ట్ చేసి జెడ్ కీ నొక్కితే అంచులు జీరో క్రాసింగ్ (శబ్ద తరంగం సున్నా గీతని దాటే చోటు) దగ్గరికి జరుగుతాయి, అప్పుడు కట్ చేస్తే టిక్ దాదాపు వినబడదు. ఇంకా వినబడితే చిన్న క్రాస్‌ఫేడ్, అంటే ఒక ముక్క తగ్గుతుంటే రెండోది పెరిగేలా కలపడం. మొదటి పాటకి గంట పట్టింది, రెండోదానికి పది నిమిషాలు. ఈ మాత్రం దానికి 998 ఇచ్చానా అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది.

ఇలాంటిదానికి ఇప్పటికే పిన్ కొట్టినవాళ్లు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్ట్ తెరిచి ఈ రోజే క్యాన్సిల్ చేయండి. నేను మెయిల్ పెడితే నిబంధనల ప్రకారమే కట్ చేశాం అని ఒక్క లైన్ జవాబు వచ్చింది. ఇప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇస్తున్నాను. అక్కడ చెప్పాక ఇలాంటి డబ్బు ఎవరికైనా వెనక్కి వచ్చిందా? వస్తే ఎన్నాళ్లు పట్టిందో కింద చెప్పండి.