కేస్ షీట్ అడగడానికి వెళ్తున్నారా? మీ ఒరిజినల్ ఫైలు మాత్రం వాళ్ల చేతికివ్వకండి

నిన్న సాయంత్రం ఆస్పత్రి నుంచి అమ్మ వైద్య రికార్డుల కవరు చేతికొచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. ఇంకొకరు నాలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

హనుమకొండలో అమ్మకు గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్ చేయించాం. ఆస్పత్రి పేరు రాయను, మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ల్యాప్రోస్కోపీ చేసి మూడో రోజు ఇంటికి పంపారు. రెండు రోజులకే కడుపు ఉబ్బింది, జ్వరం, కళ్లు పచ్చబడ్డాయి. మళ్లీ తీసుకెళ్తే గ్యాస్ అన్నారు. ఒక రాత్రి ఉంచుకుని సెలైన్ పెట్టి పంపించేశారు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే, ఆపరేషన్‌లో పైత్యనాళానికి దెబ్బ తగిలిందని, పైత్యరసం కడుపులోకి కారుతోందని చెప్పారు. ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి గుండా గొట్టం పంపి, పైత్యనాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వేశారు. అమ్మ బతికింది. ఇంకా గంజి, పలుచని మజ్జిగ అన్నం మీదే ఉంది.

కేసు వేద్దామని తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్తే ముందు కేస్ షీట్ తెమ్మన్నాడు. ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్ట్, నర్సులు రాసిన నోట్స్, కన్సెంట్ ఫారాలు, అన్నీ కావాలన్నాడు. అమ్మతో సంతకం పెట్టించి దరఖాస్తు తీసుకుని పోయిన సోమవారం ఆస్పత్రికి వెళ్లాను.

రికార్డుల గదిలో అతను 'ఎందుకు సార్?' అని అడిగాడు. దాచడమెందుకని 'కేసు వేయాలనుకుంటున్నాం' అని చెప్పేశాను. అతను లోపలికి వెళ్లి పీఆర్వోను తీసుకొచ్చాడు. ఆయన మొదట 'కోర్టు ఆర్డర్ ఉంటేనే ఇస్తాం' అన్నాడు. నేను కదలకపోయేసరికి ఒక్కసారిగా గొంతు మార్చాడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. 'మీ దగ్గరున్న డిశ్చార్జ్ సమ్మరీలు, రిపోర్టులు ఇవ్వండి సార్, మా ఫైలుతో సరిచూసి అన్నిటికీ సీలు వేసి ఒకేసారి ఇచ్చేస్తాం, కోర్టులో సీలున్నవే చెల్లుతాయి' అన్నాడు.

ఇచ్చేశాను. మొత్తం ఫైలు. పక్కనే జిరాక్స్ షాపుంది, వంద రూపాయలు కూడా కాదు. ఫోన్‌లో ఫోటోలైనా తీసుకోలేదు. దరఖాస్తు మీద ముట్టినట్టు సంతకం కూడా అడగలేదు. నా తప్పు అదే. చదువుకున్నవాణ్ని, ఆ మాత్రం తట్టలేదు.

నాలుగు రోజులు తిప్పారు. నిన్న కవరు ఇచ్చారు. ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని తెరిచాను. రెండోసారి ఉంచుకున్నప్పటి డిశ్చార్జ్ సమ్మరీలో నేను అంతకుముందెప్పుడూ చూడని లైనొకటి ఉంది. ఇంగ్లీషులో ఉన్న దాని అర్థం ఇది: 'సీటీ స్కాన్ చేయించాలని సూచించాం, ప్రమాదం వివరించాం, రోగి కుమారుడు నిరాకరించారు.'

ఆ కుమారుణ్ని నేనే. ఆ రాత్రంతా అమ్మ పక్కన ఉన్నది నేనొక్కణ్నే. స్కాన్ అనే మాట అక్కడ ఎవరి నోటా రాలేదు. 'స్కాన్ ఏమైనా తీయాలా డాక్టర్ గారూ' అని అడిగింది నేను, అవసరం లేదన్నది ఆయన. మేం తెచ్చుకున్న పాత సమ్మరీలో ఈ లైను లేదు. హైదరాబాద్‌లో డాక్టర్లకు చూపించడానికి దాన్ని ఎన్నిసార్లు తిరగేశానో. ఇప్పుడా పాత కాగితం నా దగ్గర లేదు. దాని చోట కొత్తది, సీలుతో సహా ఉంది. నర్సుల నోట్స్ చూస్తే పగలు, రాత్రి షిఫ్టులన్నీ ఒకటే చేతిరాత.

నేను పైకి చదవడం విని అమ్మ అడిగింది: 'స్కాన్ వద్దని నువ్వెప్పుడన్నవ్ బిడ్డా?'

అమ్మకు ఏం చెప్పను? ఆపరేషన్‌లో పొరపాటు జరగొచ్చు, అది నేను అర్థం చేసుకోగలను. కానీ అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది కొడుకే అని రాసి, సంతకం పెట్టి, సీలు వేసి నా చేతికే ఇచ్చారు.

వెంటనే ఫోన్ చేస్తే పీఆర్వో 'మీ దగ్గర వేరే సమ్మరీ ఉంటే చూపించండి' అని పెట్టేశాడు. లాయర్ కూడా తల పట్టుకున్నాడు. రికార్డులు అసలే ఇవ్వకపోయుంటే మనకే నయం, వినియోగదారుల కమిషన్ ఆ మౌనాన్ని వాళ్లకు వ్యతిరేకంగా తీసుకునే వీలుండేది, మార్చి ఇచ్చినవాటిని మార్చారని రుజువు చేసే బరువు మన మీద పడుతుంది అన్నాడు.

నాకు ఇప్పుడు తెలిసినవి, మీకు ముందే తెలియాల్సినవి కొన్ని. కోర్టు ఆర్డర్ అక్కర్లేదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు భద్రపరచాలి. దరఖాస్తు రెండు కాపీలు రాసుకుని ఒకదాని మీద తేదీ, సీలు వేయించుకోండి, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. కారణం చెప్పాల్సిన పని లేదు. డిశ్చార్జ్ రోజే ప్రతి పేజీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్లే గడువు, అది కూడా గుర్తుంచుకోండి.

మాది క్యాష్‌లెస్ ఇన్సూరెన్స్ కాబట్టి ఆస్పత్రి అప్పట్లో పంపిన సమ్మరీ ఇన్సూరెన్స్ వాళ్ల టీపీఏ (వాళ్ల తరఫున క్లెయిములు చూసే సంస్థ) దగ్గర ఉండాలి. పొద్దున్నే మెయిల్ పెట్టాను. హైదరాబాద్ ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు పాత కాగితాలు జిరాక్స్ తీసుకున్నట్టు తమ్ముడికి గుర్తుంది. రేపు మొదటి బస్సుకు ఇద్దరం వెళ్తున్నాం. అమ్మ సంతకం చేసిన దరఖాస్తు రెండు కాపీలు బ్యాగులో పెట్టాను.