ట్రస్టీ కాబోయేవారికి చారిటీ కమిషన్ సేవలు: ఒక సమీక్ష

ఇంగ్లండ్‌లో తెలుగు సంఘాలు నడిపేవారు ఉగాది, సంక్రాంతి వేడుకల్లో చొరవ చూపినవారిని కార్యవర్గంలోకి రమ్మనడం మామూలే. కానీ ఆ సంఘం చారిటీ అయితే, పాలనా బాధ్యత వహించే కార్యవర్గ సభ్యులందరూ, కార్యదర్శి అన్నా కోశాధికారి అన్నా, చట్టం దృష్టిలో ట్రస్టీలే. ఒప్పుకునే ముందే ఈ సంగతి తెలుసుకోదలచినవారికి చారిటీలను నమోదు చేసి పర్యవేక్షించే ఇంగ్లండ్, వేల్స్ చారిటీ కమిషన్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా అందించే సమాచారం ఎంతో విలువైనది.

సీసీ3 అనే ప్రధాన మార్గదర్శకం ట్రస్టీల ఆరు బాధ్యతలను వివరిస్తుంది. చట్టం తప్పనిసరి చేసినదేదో, మంచి పద్ధతిగా పాటించవలసినదేదో అది విడదీసి చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. అంత చదివే తీరిక లేనివారికి ఐదు నిమిషాల గైడ్లు ఉన్నాయి. పండుగ భోజనాల కాంట్రాక్టు ఒక సభ్యుని బావమరిదికి వెళ్లే సందర్భంలో ఏం చేయాలో తెలియాలంటే, వాటిలో ప్రయోజనాల సంఘర్షణ గురించిన గైడు చాలు.

నా దృష్టిలో అన్నిటికంటే ఉపయోగకరమైనది చారిటీల రిజిస్టరు. నమోదైన సంఘం పేరు కొడితే ప్రస్తుత ట్రస్టీల పేర్లు, గత ఐదేళ్ల రాబడి, ఖర్చులు కనిపిస్తాయి. ఏడాది రాబడి 25,000 పౌండ్లు దాటితే పద్దుల ప్రతులు కూడా దొరుకుతాయి. రాబడి 10,000 పౌండ్లు దాటిన చారిటీ ఆర్థిక సంవత్సరం ముగిసిన పది నెలల్లోగా కమిషన్‌కు వార్షిక రిటర్ను (ఏటా ఇచ్చే వివరాల పత్రం) దాఖలు చేయాలి. గడువు తప్పితే ఆ సంగతీ అక్కడే బయటపడుతుంది. ఏటా ఆలస్యం చేసే సంఘంలో కోశాధికారిగా చేరేవారు ఆ కారణాన్ని ముందే అడగడం న్యాయం.

లోటు ఒకటుంది. కంపెనీగా గానీ సీఐఓగా (చారిటీల కోసమే ఉన్న, సంఘానికి సొంత చట్టబద్ధ ఉనికినిచ్చే రూపం) గానీ ఏర్పడని సంఘంలో అప్పులకు ట్రస్టీలు సొంతంగా బాధ్యులు కావలసి రావచ్చన్న ముఖ్య విషయం సీసీ3 చివరి భాగాల్లో ఉంది. అది మొదట్లోనే ఉండవలసింది. సంఘం నియమావళి పూర్తి పాఠం కూడా రిజిస్టరులో సాధారణంగా కనిపించదు కనుక, దాని ప్రతిని సంతకానికి ముందే సంఘాన్ని అడిగి తీసుకోవాలి.