మారతహళ్ళి ఎన్విరాన్‌మెంటల్ ఇంగ్లిష్ కోర్సు: చెరువు సూపర్, మార్కులే తేడా

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదు, గొడవలెందుకు. బెంగళూరులో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర సాఫ్ట్‌వేర్ కోచింగ్‌ల మధ్యలో ఉంటుంది, వీకెండ్ బ్యాచ్. ఎస్టీపీల్లో (మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్లు), వాటర్ టెస్టింగ్ ల్యాబుల్లో, ఈఐఏ (ప్రాజెక్టుల వల్ల పర్యావరణానికి ఏమవుతుందో అంచనా వేసే) కన్సల్టెన్సీల్లో పనిచేసేవాళ్ళకి పనికొచ్చే ఇంగ్లిష్ నేర్పిస్తాం అంటారు. మామూలు స్పోకెన్ ఇంగ్లిష్ అనుకుని వచ్చినోళ్ళు మొదటి క్లాసుకే బిత్తరపోయారు, ఎందుకంటే టెన్సులు లేవు గిన్సులు లేవు, టీముకో చెరువు ఇచ్చేసి కోర్సు అయ్యేలోపు దాని మీద రిపోర్టు, ప్రెజెంటేషన్ ఇవ్వండి అన్నారు.

పక్క టీముకి బెళ్ళందూరు పడింది, 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో మళ్ళీ మంటలు అంటుకుని వార్తలకెక్కిన చెరువు, ఇంట్లో కూర్చుని వెతికినా బోలెడు దొరుకుతుంది. మాకేమో జక్కూరు. 500డీ ఎక్కి హెబ్బాళలో దిగి అక్కణ్ణించి ఇంకో బస్సు, ఆ ట్రాఫిక్‌లో అందరం తిట్టుకున్నాం. వెళ్ళాక మాత్రం మనదే లక్కీ టీము అనిపించింది. అక్కడ ఎస్టీపీలో శుద్ధి చేసిన నీళ్ళు సరాసరి చెరువులోకి పోవు, ముందు జమ్ము పెరిగిన మడుగులోంచి పారి, నైట్రోజన్, ఫాస్ఫరస్ కొంత తగ్గాక అప్పుడు చెరువులో కలుస్తాయి. ఇదే ముక్క తెలుగులో అయితే టీ తాగుతూ చెప్పేస్తాం, ఇంగ్లిష్‌లో ఏది ముందు ఏది తర్వాత, దేనివల్ల ఏది అని వరసగా రాయమంటే చెమటలు పట్టాయి. స్కూల్లో ఏళ్ళ తరబడి బట్టీ పట్టిన పాసివ్ వాయిస్ ఎందుకు ఉందో ఆ పేరా రాస్తుంటే ఎక్కింది బుర్రకి.

మేడమ్ దిద్దే పద్ధతి కోసమైనా ఫీజు కట్టొచ్చు. మా డ్రాఫ్టులో నీళ్ళు బాగా పొల్యూట్ అయ్యాయి అని ఒక లైను ఉంటే దాని పక్కన ఎర్ర పెన్నుతో ఎక్కడి శాంపిల్, ఎప్పుడు తీశారు, ఎంత అని రాసిచ్చారు, అంతే, గ్రామర్ జోలికే పోలేదు. ఆ లైను తిరగరాసేసరికి ఇన్‌లెట్, ఉదయం, బీఓడీ (నీళ్ళలోని మురికిని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క) ఇంత అని వచ్చింది. ల్యాబులో చేసే మా టీమ్మేట్, బయటి దేశాల పుస్తకాల్లో బీఓడీ టెస్టు 20 డిగ్రీల్లో 5 రోజులు, మన దగ్గర 27 డిగ్రీల్లో 3 రోజులు, ఏది చేశామో రాయకపోతే ఆ అంకెతో ఏం చేసుకుంటారు అంటే మేడమే నోట్ చేసుకున్నారు. సబ్జెక్టు తనకి రాదని దాచుకోరు, అది నచ్చింది.

ఇక మండేది ఎక్కడంటే, మార్కులన్నీ చివరి ప్రెజెంటేషన్‌కే. చేపలు పట్టేవాళ్ళతో కన్నడలో మాట్లాడి నోట్స్ మొత్తం రాసిన అనంతపురం అమ్మాయి స్టేజి మీద నాలుగు ముక్కలు తడబడిందని తక్కువ వేశారు, చెరువు వైపే రాని మహానుభావుడు స్లైడ్లు చూసి దంచేసి టాపర్ అయ్యాడు. డ్రాఫ్టులకి, ఫీల్డ్ నోట్స్‌కి మార్కులు లేకపోతే ప్రాజెక్టు పెట్టి ఏం లాభం అండీ? అడిగితే సర్టిఫికెట్ ఫార్మాట్ అంతే అన్నారు ఆఫీసులో.

ఇంకోటి, మా టీములో అందరం తెలుగోళ్ళమే, బస్సెక్కితే ఇంగ్లిష్ గాలికి. వేరే భాషలవాళ్ళని కలిపి టీములు వేయాల్సింది.

రిపోర్టులు రాసే ఉద్యోగంలో ఉన్నోళ్ళు నిస్సంకోచంగా చేరొచ్చు, ఇంటర్వ్యూ కోసం గడగడా మాట్లాడాలనుకునేవాళ్ళకి ఇది కాదు. చేరేముందు పాత బ్యాచ్‌ది దిద్దిన డ్రాఫ్టు ఒకటి చూపించమని అడగండి, చూపిస్తారు. వీక్‌డే బ్యాచ్‌కి మాత్రం పోవద్దు, దానికి చెరువు విజిట్ లేదు, వీడియో వేసి సరిపెడతారు, ఫీజు మాత్రం అదే.