నాగార్జునకొండ: డ్యామ్ చూసి వెనక్కి తిరిగేవాళ్ల కోసం

సాగర్ అనగానే చాలామంది అడిగేది గేట్లు ఎత్తారా లేదా అనే. ఒకప్పుడు ఈ లోయని ఏలిన ఇక్ష్వాకుల జాడల కోసం నాగార్జునకొండకి వెళ్లేవాళ్లకి గేట్లతో పనిలేదు, శుక్రవారం కాకుండా చూసుకుంటే చాలు. ఆ రోజు కొండ మీది మ్యూజియానికి సెలవు.

కొండ ఇప్పుడు జలాశయం మధ్యలో దీవి, అక్కడికి లాంచీ విజయపురి సౌత్‌లో ఎక్కాలి. జనం పోగయ్యేదాకా కదలదు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. ముప్పావుగంట ప్రయాణం. ఆ నీళ్ల కిందే పాత విజయపురి ఉంది, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. డ్యామ్ నీళ్లు ముంచెత్తక ముందే, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, దొరికినవాటిని పైకి చేర్చారు. మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉంది. ముందు దాని దగ్గర ఆగండి, లేకపోతే మిగతావన్నీ ఉత్త రాళ్లే.

అందరూ శిల్పాల దగ్గర సెల్ఫీలు దిగుతుంటే, నేను శాసన స్తంభాల దగ్గరే ఉండిపోయాను. బ్రాహ్మీ అక్షరాలు, ప్రాకృత భాష. అక్షరాల కాళ్లు కిందికి సాగి, వయ్యారంగా మెలి తిరిగి ఉంటాయి. ఈ వంశాన్ని నిలబెట్టిన శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మాత్రం బౌద్ధానికి మహాచైత్యం అనే పెద్ద స్తూపం కట్టించింది, మేనల్లుడు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో. ఆ మేనల్లుడేమో మేనత్త కూతుళ్లను చేసుకున్నాడు. మన ఇళ్లలో మేనరికాల గురించి ఇప్పటికీ జరిగే వాదనలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. సింహళ (శ్రీలంక) భిక్షువుల కోసం చైత్యగృహం, అంటే పూజామందిరం, కట్టించిన బోధిశ్రీ అయితే రాణి కూడా కాదు, మామూలు ఉపాసిక, అంటే సన్యాసం తీసుకోని బౌద్ధ భక్తురాలు. రాజుల యజ్ఞాల కంటే ఈ ఆడవాళ్ల దానాల వల్లే ఆ రాజ్యం గురించి మనకు ఎక్కువ తెలిసింది. ఒక్క చిన్న బోర్డు ఈ సంగతి తెలుగులో వివరంగా చెబితే ఎంత బాగుండేదో!

తిరుగు లాంచీ హడావిడిలో ఇవన్నీ నిదానంగా చూడటం కష్టం. దీవిలో భోజనం మీద ఆశ పెట్టుకోకుండా పులిహోరో చపాతీలో కట్టుకెళ్లండి.

జలాశయం ఒడ్డునున్న అనుపు మాత్రం తప్పనిసరి. లోయలోంచి తరలించి మళ్లీ పేర్చిన విహారం, రంగస్థలం అక్కడున్నాయి. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో ఖాళీ ప్రాంగణం. అక్కడ నిలబడి ఎవరైనా చప్పట్లు కొడితే పై మెట్టు దాకా స్పష్టంగా వినబడింది. నీడ లేదు, టీ కొట్టు లేదు, ఆటో దొరకదు. వెళ్లిన బండినే ఆపుకోవాలి.

బసకి మేం దిగిన లాడ్జిలో ఏసీ పేరుకే, వేడినీళ్లు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే తెలంగాణ వైపు హిల్ కాలనీలో చూసుకోండి, 2022లో తెరిచిన బుద్ధవనం కూడా దగ్గర. ఆ పార్కు శుభ్రంగా, తీరుగా ఉంది. కాకపోతే అన్నీ కొత్త నమూనాలే. నాకైతే సాయంత్రం వాకింగ్‌కి సరిపోయింది.