రోటరీ క్లబ్‌లో పదేళ్లు దాటాక: ఒక మందుల షాపు కౌంటర్ వెనక నుంచి

మా షాపులో గోడకి రోటరీ అనే అంతర్జాతీయ సేవా సంస్థ గుర్తు, చక్రం బొమ్మ ఉంటుంది. మందులకొచ్చిన వాళ్లలో ఎవరో ఒకరు దాన్ని చూసి అడుగుతుంటారు: "మేడమ్, అక్కడ నిజంగా సేవ చేస్తారా, శాలువాలు కప్పుకోవడమేనా?" రెండూ చేస్తారు. ఏది ఎక్కువన్నది మీరు చేరే క్లబ్‌ని బట్టి, ఆ ఏడాది ప్రెసిడెంటుని బట్టి ఉంటుంది. నేను హుద్‌హుద్ తుఫానుకి ముందు ఏడాది వైజాగ్‌లో ఒక రోటరీ క్లబ్‌లో చేరాను, ఇప్పటికీ మెంబర్నే. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం నాకు కనిపించింది చెప్తాను.

ముందుగా తెలియాల్సింది క్యాలెండర్. రోటరీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. ప్రెసిడెంటు, సెక్రటరీ, బోర్డు అందరూ ఏటా మారతారు. క్లబ్‌లోని మంచీ చెడూ సగం ఇక్కడే ఉన్నాయి. మంచేమిటంటే ఎవరూ కుర్చీకి అతుక్కుపోలేరు. ఎంత పెద్ద వ్యాపారి అయినా ఏడాది తిరగ్గానే దిగి వెనక వరసలో కూర్చోవాల్సిందే. చెడేమిటంటే కొత్తాయన తన పేరు మీద కొత్త ప్రాజెక్టు కావాలంటారు, పాతాయన మొదలుపెట్టింది దిక్కులేనిదవుతుంది. ఒక స్కూల్లో మేం ఆర్వో ప్లాంటు పెట్టాం. రిబ్బన్ కట్ చేశాం, ఫోటోలు దిగాం. మరుసటి ఏడాది ఫిల్టర్లు మార్చే బాధ్యత ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. హెడ్మాస్టరు గారు ఫోన్ మీద ఫోన్ చేశాక ఒక పాత మెంబరు సొంత డబ్బుతో మెంబ్రేన్ మార్పించారు. హుద్‌హుద్ తర్వాత నాటిన మొక్కల కథా అంతే. జులై వానల్లో అందరూ నాటారు, ఏప్రిల్‌లో నీళ్లు పోసింది మాత్రం ఇద్దరు ముగ్గురే. కొన్ని చోట్ల మొక్క కంటే ట్రీగార్డు మీద క్లబ్ పేరే ఎత్తుగా ఉండేది.

హుద్‌హుద్ రోజులు మాత్రం వేరు. 2014 అక్టోబర్ 12న తుఫాను తీరం దాటాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ ధర చెప్తే నవ్వొచ్చేది. ఆ వారం మా క్లబ్‌లో మీటింగూ లేదు, మినిట్సూ లేవు. జనరేటర్ ఉన్న మెంబరు తన ఆఫీసు ముందు ప్లగ్గులు వరసగా పెట్టి, ఫోను చార్జింగ్‌కి ఎవరొచ్చినా పెట్టుకోమన్నారు. ఇంకొకరి వాటర్ ట్యాంకర్ వీధులు తిరిగింది. వేరే ఊళ్ల క్లబ్‌ల నుంచి టార్పాలిన్లు వచ్చాయి. నేను షాపు తెరిచి, సుగరు, బీపీ మందులున్నంతవరకు చీటీ అడక్కుండా పాత బిల్లు చూసి ఇచ్చాను. ఎవరికి ఏముందో, ఎవరిని అడగొచ్చో ముందే తెలిసి ఉండటం అలాంటప్పుడు పనికొస్తుంది. ఆ తెలియడం ప్రతి వారం కలిసి భోంచేయడం వల్ల వచ్చిందే.

అందుకే ఫెలోషిప్‌ని నేను తక్కువ చేసి మాట్లాడను. క్లబ్ భాషలో ఫెలోషిప్ అంటే మీటింగ్ అయ్యాక భోజనం, కబుర్లు, పుట్టినరోజు కేకులు, ఏడాదికోసారి కుటుంబాలతో అరకు ట్రిప్పు. బయటివాళ్లకి ఇది డబ్బున్నవాళ్ల కాలక్షేపంలా కనిపిస్తుంది, కొంత నిజమే కూడా. హోటల్ బఫేకి పోసేదాంట్లో సగంతో ఒక ఐ క్యాంపు చేయొచ్చని బోర్డులో వాదన ప్రతి ఏడూ నడుస్తుంది. అయితే మా ఇంట్లో అత్తగారికి డెంగీ వచ్చి, రాత్రి పదకొండింటికి ప్లేట్‌లెట్లు కావాలంటే, గ్రూపులో ఒక్క మెసేజ్‌కి ఇద్దరు నేరుగా బ్లడ్ బ్యాంకుకి వచ్చేశారు. వాళ్లలో ఒకాయనతో అంతకుముందు నెలే జమాఖర్చుల మీద గట్టిగా గొడవపడ్డాను.

ఆడవాళ్లకి ఒక మాట. రోటరీ నియమావళి మహిళలకి తలుపు తెరిచింది 1989లో, ఇలాంటిదే ఇంకో సేవా సంస్థ లయన్స్ 1987లో. నేను చేరేనాటికి కూడా మీటింగులో మెంబర్ల భార్యల్ని 'ఆన్స్' అనేవారు, వాళ్లకి వేరే కుర్చీలు, వేరే తంబోలా. మెంబర్ని నేను, వెంట వచ్చింది మావారు. ఆయన్ని ఏమని పిలవాలో తెలియక మీటింగ్ క్రమం చూసే సార్జెంట్ గారు మైకు ముందు పడ్డ తిప్పలు ఇప్పటికీ మా ఇంట్లో నవ్వులే. ఇప్పుడు మార్పు వచ్చింది, ఆడవాళ్లు ప్రెసిడెంట్లు అవుతున్నారు. టీ ఏర్పాట్లు మాత్రం "మీరు చూసుకుంటారు కదా మేడమ్" అని ఇంకా మా వైపే తిరుగుతాయి.

ఏడాదిలో నాకు బాగా ఇష్టమైన పని సింహాచలం గిరి ప్రదక్షిణ స్టాలు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలై రాత్రంతా జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఇసుకతోట, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండ కిందకి. కొత్త ప్రెసిడెంటు మెడలో కాలర్ (పదవి గొలుసు) పడిన కొద్ది రోజులకే ఇది వస్తుంది కాబట్టి, ఆయన మనిషి ఎలాంటివారో ఆ రాత్రే తెలిసిపోతుంది. ఫ్లెక్సీ ముందు ఫోటో దిగి తొమ్మిదింటికి వెళ్లిపోయేవారు ఒక రకం. తెల్లవారుజామున మూడింటికి బొబ్బలెక్కిన కాళ్ల ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు ఇంకో రకం.

మొదట్లో అందరిలాగే మజ్జిగ, పులిహోర పెట్టేవాళ్లం. అవి దారి పొడవునా దొరుకుతాయి, తినలేక వదిలేస్తారు. అర్ధరాత్రి దాటాక ఎంవీపీ కాలనీ వైపు వచ్చేసరికి నడిచేవాళ్లకి కావాల్సింది కూర్చోడానికి కుర్చీ, మోకాలికి స్ప్రే, బొబ్బలకి ప్లాస్టరు, ఓఆర్‌ఎస్. ఇప్పుడు మా స్టాల్లో అవే ఎక్కువ. ఓఆర్‌ఎస్ దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినను. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. ఉత్సాహం కొద్దీ అరలీటరు బాటిల్లో ప్యాకెట్ మొత్తం కుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై ఉన్న దాహం ఇంకా పెరుగుతుంది. జీవీఎంసీ ఒకసారి వాడిపారేసే ప్లాస్టిక్‌ని నిషేధించాక స్టీలు గ్లాసులకి మారాం. రాత్రంతా అవి కడిగేది రోటరీ యువజన విభాగం రోటరాక్ట్ పిల్లలే, వాళ్లకి ఏ శాలువా కప్పరు.

మెడికల్ క్యాంపుల గురించి మందుల షాపుదాన్ని కాబట్టి కాస్త కటువుగానే చెప్తాను. పల్లెకి వెళ్లి, బీపీ చూసి, అయిదు రోజుల మాత్రలిచ్చి రావడం వల్ల ఎవరికీ ఒరిగేది లేదు. బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి. ఆరో రోజు ఏం చేస్తారు? మా క్లబ్‌లో దీని మీద నేను పట్టుబట్టాక క్యాంపు పద్ధతి మారింది. ఇప్పుడు పరీక్ష చేసి, రీడింగు రాసిచ్చి, పీహెచ్‌సీకో, ఊరికొచ్చే 104 వాహనానికో అప్పగిస్తాం. ఆశా కార్యకర్తని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాం. మాత్రలు పంచడం తగ్గింది కాబట్టి ఫోటోలో కళ తగ్గింది. ఐ క్యాంపులు నయం, శుక్లం తీసేస్తే పని పూర్తవుతుంది. కాకపోతే పేషెంటుని ఆస్పత్రికి తీసుకెళ్లి, ఇంటికి దించి, చుక్కల మందు వేసుకుంటున్నారో లేదో కనుక్కునేవాళ్లు ఉండాలి.

రక్తదానం కూడా ఇలాంటిదే. ఆగస్టు 15, అక్టోబర్ 2 వచ్చాయంటే ఊళ్లో ఉన్న క్లబ్‌లన్నీ ఒకేసారి క్యాంపులు పెడతాయి. ఎర్రకణాలు అయిదారు వారాలే నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే మూడు నెలలు ఆగాలి, ఆడవాళ్లు నాలుగు నెలలు. మరి కాలేజీలు మూసేసిన మే నెలలో, తలసీమియా పిల్లలకి రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిన రక్తం ఎక్కడిది? మా దాంట్లో ఒక బ్యాంకు ఉద్యోగి ఏ పదవీ తీసుకోకుండా దాతల లిస్టు పెట్టుకుని, ఎండాకాలం పొడవునా నలుగురైదుగుర్ని చొప్పున పంపుతుంటారు. ప్రెసిడెంట్లు ఎంతమంది మారినా ఆ పని ఆగలేదు. నిలిచిన ప్రాజెక్టులన్నిటి వెనకా ఇలాంటి మనిషి ఒకరు ఉన్నారు.

పోలియో సంగతి రెండు ముక్కల్లో. పోలియోని నిర్మూలించడానికి రోటరీ 1985లో పోలియోప్లస్ మొదలుపెట్టింది, మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పోలియో రహితమని ధ్రువీకరణ 2014 మార్చి 27న. ఫిషింగ్ హార్బర్ వైపు పల్స్ పోలియో బూత్‌లో కూర్చుని పిల్లల చిటికెన వేలికి మార్కరు గీసే ఆదివారాలు నాకు ఇష్టం.

డబ్బు. క్లబ్ చందా వేరు, అంతర్జాతీయ సంస్థకి డాలర్ల లెక్కన కట్టేది వేరు. దానికి జులైలోనూ జనవరిలోనూ బిల్లు వస్తుంది. వెయ్యి డాలర్లు రోటరీ ఫౌండేషన్‌కి (సేవా పనులకి నిధులిచ్చే విభాగం) ఇస్తే, రోటరీ వ్యవస్థాపకుడి పేరు మీద పాల్ హారిస్ ఫెలో అంటారు. అది తప్పనిసరి కాదు, ఎవరైనా మొహమాటపెడితే మొహమాటపడకండి. ఫౌండేషన్ వార్షిక నిధికి వెళ్లిన దాంట్లో సగం దాకా మూడేళ్ల తర్వాత మన రోటరీ డిస్ట్రిక్ట్ (కొన్ని క్లబ్‌ల సమూహం) ప్రాజెక్టులకే తిరిగొస్తుంది. డయాలసిస్ యంత్రాల్లాంటి పెద్దవి ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటు కింద చేస్తారు. బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి, వేరే దేశం క్లబ్ జతకట్టాలి, ఆడిట్ కాగితాలు కుదరాలి. ఆ కాగితాల పని చేసేవాళ్లు తక్కువ, అందుకే మీరు అకౌంట్స్ మనిషైతే మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటారు.

వ్యాపారం పెరుగుతుందని చేరేవాళ్లున్నారు. ప్లాట్లు అమ్మేవాళ్లు, పాలసీలు అమ్మేవాళ్లు ఆరు నెలలు తిరిగి వెళ్లిపోతారు. నాకు నాలుగు కొత్త కుటుంబాలు కస్టమర్లయ్యారేమో, అంతకు రెట్టింపు మంది డిస్కౌంటు అడిగారు.

చేరాలనుంటే ముందు రెండు మూడు మీటింగులకి అతిథిగా వెళ్లండి. మూడేళ్లకు పైగా నడుస్తున్న ప్రాజెక్టు ఏదని అడిగి, వీలైతే అక్కడికి వెళ్లి చూడండి. ట్రెజరరు నెలనెలా లెక్క చెప్తారా అని కూడా అడగండి. జులైలో అంతా ఇన్‌స్టలేషన్ (కొత్త బోర్డు ప్రమాణ స్వీకారం) హడావుడి, దండలు, బ్యానర్లు, మిమ్మల్ని పట్టించుకునేవాళ్లుండరు. జనవరిలో చేరితే కొత్త ఉత్సాహం సద్దుమణిగి, అసలు పని చేసేవాళ్లెవరో తెలిసిపోయి ఉంటుంది. పైగా ఆ ఏడాదికి సగం చందాతోనే సరిపోతుంది.