కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో జింకల వేట, పైన్ మొక్కలు: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

స్కాట్లాండ్ అనగానే మనవాళ్లు ఎడిన్‌బరో, గ్లెన్‌కో, స్కై దీవి చుట్టేసి వచ్చేస్తారు. కెయిర్న్‌గార్మ్స్ వైపు వెళ్లినా ఆవీమోర్‌లో ఒక రాత్రి ఉండి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. ఈసారి అక్టోబరులో మేం వేరే పని పెట్టుకుని వెళ్లాం. అక్కడ జింకల వేట ఎలా జరుగుతుంది, దానికీ అడవి తిరిగి పెరగడానికీ సంబంధం ఏమిటి అన్నది కళ్లారా చూడాలని. నేను తుపాకీ పట్టలేదు, పట్టాలన్న కోరికా లేదు. అయినా ఇప్పుడు ఎవరైనా హైలాండ్స్‌లో ఏం చూడాలని అడిగితే, స్టాకర్ (జింకల జాడ పట్టి వేటగాణ్ని దాని దగ్గరికి తీసుకెళ్లే ఎస్టేట్ మనిషి) వెంట కొండ మీద ఒక రోజు గడపమనే మొదట చెబుతాను.

ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. స్కాట్లాండ్‌లో తోడేళ్లు అంతరించి రెండు మూడు వందల ఏళ్లయింది. లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి అంతకుముందే పోయింది. జింకను తినే జంతువే లేదు. 1852లో ప్రిన్స్ ఆల్బర్ట్ బాల్మోరల్ ఎస్టేట్ కొన్నాక డబ్బున్న ప్రతివాడికీ హైలాండ్స్‌లో ఒక వేట ఎస్టేట్ కావాలనిపించింది. కొమ్ముల కోసం జింకలను కాపాడారు, మందలు పెరిగాయి. ఇవాళ స్కాట్లాండ్‌లో అన్ని జాతులూ కలిపి దాదాపు 10 లక్షల జింకలు ఉంటాయని ప్రభుత్వ అంచనా. అవి చలికాలంలో లేత పైన్ మొక్కల్ని మొదలంటా కొరికేస్తాయి. ఫలితంగా చాలా లోయల్లో రెండు వందల ఏళ్ల స్కాట్స్ పైన్ చెట్లు నిలబడి ఉన్నాయి, వాటి కింద పిల్ల చెట్టు ఒక్కటీ లేదు. ఆ ముసలి చెట్లు పడిపోతే ఇక అక్కడ అడవి ఉండదు.

నాది నంద్యాల వైపు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. పిట్ట దాదాపు కనబడకుండా పోయింది, కృష్ణజింకలు పెరిగాయి. శనగ చేలు, జొన్న చేలు తినేస్తున్నాయని రైతులు గోలపెట్టడం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. మన దగ్గర 1972 చట్టం వేటను ఆపేసింది, ఆపాల్సిన పరిస్థితే అప్పుడుంది. స్కాట్లాండ్‌లో పరిస్థితి వేరు, కాబట్టి దారి కూడా వేరు. ఈ తేడా అర్థం చేసుకోవాలనే నా తాపత్రయం.

మొదట బ్రేమార్‌లో దిగాం. రైలు లేదు. ఆబర్డీన్ నుంచి డీ నది వెంట వచ్చే 201 బస్సు ఒక్కటే దిక్కు, రెండు గంటలు దాటుతుంది. కారు ఉంటేనే హాయి. ఊరు చిన్నది, శుభ్రంగా ఉంటుంది, కొండగాలి తగిలితే చాలు ఆకలేస్తుంది. బస మాత్రం ముందుగా చూసుకోవాలి. అక్టోబరులో అక్కడ స్కూళ్లకి సెలవులు, గదులు దొరకవు, దొరికినా రేటు ఎక్కువ. మేం ఉన్న గెస్ట్ హౌస్ వాళ్లు ఫోన్‌లో వెజిటేరియన్‌కి ఇబ్బంది లేదన్నారు గానీ, మా ఆవిడకి ప్రతి ఉదయం రొట్టె, డబ్బా చిక్కుడు గింజలే పెట్టారు. రాత్రి తొమ్మిదికల్లా హీటర్లు ఆపేసేవారు. తడిసిన బూట్లు ఆరబెట్టుకోవడానికి చోటు కూడా లేదు. కొండల్లో తిరిగేవాళ్లకి డ్రైయింగ్ రూమ్ ఉందా లేదా అన్నది వ్యూ కన్నా ముఖ్యం, బుక్ చేసేటప్పుడే అడగండి.

బ్రేమార్‌కి పడమర మార్ లాడ్జ్ ఎస్టేట్. 1995 నుంచి నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చేతిలో ఉంది, దాదాపు 29,000 హెక్టార్లు. బ్రిటన్‌లో ఇంతకన్నా పెద్ద జాతీయ ప్రకృతి రిజర్వు లేదు. లాడ్జ్ పక్కన ఒక బాల్‌రూమ్ ఉంది. గోడలకీ పైకప్పుకీ కలిపి రెండు వేలకు పైగా జింక పుర్రెలు, కొమ్ములతో సహా. అది ఎప్పుడూ తెరిచి ఉండదు, కనుక్కుని వెళ్లాలి. పాత వేట సంస్కృతి ఏమిటో తెలియాలంటే అది చూడాలి. కొత్తది ఏమిటో తెలియాలంటే లిన్ ఆఫ్ డీ దగ్గర కారు ఆపి గ్లెన్ లూయి లోయలో డెర్రీ లాడ్జ్ దాకా నడవాలి. పార్కింగ్‌కి డబ్బులు కట్టాలి. దారి చదునుగా ఉంటుంది, పిల్లలు కూడా నడవగలరు. దారి పొడుగునా మోకాలెత్తు, నడుమెత్తు, తలెత్తు పైన్ మొక్కలు. ఎవరూ నాటలేదు. ఎస్టేట్‌ని రెండుగా విడదీసి, ఒక భాగంలో అడవి తనంతట తను మొలిచేదాకా జింకల్ని గట్టిగా తగ్గిస్తున్నారు, రెండో భాగంలో మామూలు వేట నడుస్తోంది. ఒక మొక్క దగ్గర కూర్చుని చూశాను. చివరి మొగ్గ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని జింక కొరకలేదంటే ఆ మొక్క వచ్చే ఏడాదికి ఇంకో జానెడు పెరుగుతుంది.

ఇక వేట. మేం వెళ్లింది మార్ లాడ్జ్‌కి కాదు, దగ్గర్లోని ఒక ప్రైవేటు ఎస్టేట్‌కి. గుంటూరు నుంచి వచ్చి ఇన్వర్నెస్‌లో స్థిరపడ్డ ఒక డాక్టరుగారు మా స్నేహితుడు, నాకన్నా పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఆయనకి రైఫిల్ లైసెన్సు ఉంది. ఆయన వేటకి, నేను ఊరికే వెంట నడవడానికి. నాలాంటివాళ్లని తీసుకెళ్లడానికి కొన్ని ఎస్టేట్లు విడిగా కొంచెం డబ్బు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. మగ జింక వేటకి ఒక రోజుకి ఐదారు వందల పౌండ్లు దాటుతుంది, పేరున్న చోట ఇంకా ఎక్కువ. చచ్చిన జింక కాయం ఎస్టేట్‌దే, కొమ్ములు కావాలంటే మనం తెచ్చుకోవచ్చు.

కొండ ఎక్కకముందే ఒక పరీక్ష పెట్టాడు స్టాకర్. గుట్టకి ఆనించిన అట్ట మీద వంద గజాల నుంచి రెండు గుండ్లు. రెండూ అరచేతి కన్నా తక్కువ జాగాలో పడాలి, లేకపోతే ఈ రోజు పైకి వెళ్లేది లేదని మొహమాటం లేకుండా చెప్పేశాడు. పడ్డాయి. ఆ తర్వాత తుపాకీలోంచి గుండ్లు తీసేసి సంచిలో పెట్టి తన భుజానికే వేసుకున్నాడు. వేటాడే ఆఖరి నిమిషం దాకా అది ఆయన దగ్గరే ఉంది.

గంటల తరబడి నడక. గాలి ఎటు వీస్తోందో చూసుకుని లోయ మొత్తం చుట్టి వెళ్లాం, ఎందుకంటే గాలి మన వైపు నుంచి అటు వీస్తే మైలు దూరంలో ఉన్న మందకీ మన వాసన తెలిసిపోతుంది. ఆ రోజుల్లో మగ జింకలు జతకోసం అరుస్తాయి, కొండలు మారుమోగిపోతాయి. చివరి రెండు వందల గజాలు పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ నల్ల బురదనేల) నీళ్లు పారే ఒక కాలవలో పొట్ట మీద పాకాం. ఎదురుగా పెద్ద కొమ్ముల జింక. అన్న రైఫిల్ భుజానికి ఆనించాడు. స్టాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. దాని వెనక ఆడజింక ఉంది. గుండు దాన్ని దాటి వెళ్తుంది" అని గుసగుసగా చెప్పాడు. ఇరవై నిమిషాల పైనే అలా తడిలో పడుకున్నాం. నాకైతే టెన్షన్‌తో చలి కూడా తెలియలేదు. చివరికి కాల్చింది ఆ పెద్దదాన్ని కాదు, దానికి ఎడమ పక్కన తిరుగుతున్న బక్కచిక్కిన మగ జింకని. ముందుకాలు కుంటుతోంది, ఈ చలికాలం గట్టెక్కదని స్టాకర్ పొద్దుటి నుంచీ దాన్నే వెతుకుతున్నాడట. ఒక్క గుండు. నాలుగడుగులు వేసి పడిపోయింది.

కడుపు కోసి పేగులు అక్కడే తీశాడు. కాలేయాన్ని వేళ్లతో నొక్కి చూశాడు, గ్రంథులు కోసి చూశాడు, జబ్బేమీ లేదని తేలాకే మాంసం అమ్మకానికి పనికొస్తుంది. కిందికి తేవడానికి కొండల్లో నడిచే చిన్న ఆర్గో బండి. లార్డర్‌లో, అంటే కాయాల్ని వేలాడదీసే గదిలో, ఆ రోజు నాకు బాగా నచ్చింది కొక్కేలకి వేలాడే కాయాలు కాదు, గోడ మీది ఒక బల్ల. దాని మీద వరుసగా కింది దవడ ఎముకలు, ఒక్కో దానికీ చీటీ. పళ్ల అరుగుదలని బట్టి వయసు, దాన్ని బరువుతో కలిపి చూసి మంద ఆరోగ్యంగా ఉందో లేదో రాసిపెట్టుకుంటారు. వచ్చే ఏడాది ఎన్ని కొట్టాలన్నది ఆ పుస్తకం చూసి నిర్ణయిస్తారు. బాల్‌రూమ్ గోడల మీది పుర్రెలకన్నా ఆ దవడలు చూడ్డానికి వెళ్లమంటాను నేను.

చట్టం సంగతి చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో రైఫిల్ సర్టిఫికెట్ ఇచ్చేది పోలీసులు, ఐదేళ్లకోసారి రెన్యువల్. ఏ రైఫిల్, ఎన్ని గుండ్లు అన్నదాకా అందులో రాసి ఉంటుంది, ఇంట్లో తాళం వేసే ఇనప పెట్టె ఉండాలి. 1996లో డన్‌బ్లేన్ స్కూల్లో జరిగిన కాల్పుల ఘోరం తర్వాత పిస్తోళ్లు దాదాపుగా నిషేధమే. అయితే సర్టిఫికెట్ లేకపోయినా 17 ఏళ్లు దాటినవాళ్లు ఎస్టేట్‌లో స్టాకర్ దగ్గరుండగా ఎస్టేట్ రైఫిల్‌ని అరువు తీసుకుని కాల్చవచ్చు. రెడ్ డీర్ (ఈ కొండల్లోని పెద్ద జింక జాతి) కోసం వాడే గుండు వేగం సెకనుకి 2,450 అడుగులకి తగ్గకూడదని కూడా చట్టంలోనే ఉంది, జంతువు బాధ పడకుండా చనిపోవాలని. జింకకి దూరం, కోణం కుదరకపోతే కాల్చనివ్వని స్టాకర్‌ని చూశాక ఈ నియమాల వెనక ఉన్న ఉద్దేశం నాకు బాగా అర్థమైంది.

తర్వాత ఆవీమోర్ వైపుకి మారాం. సౌకర్యాల్లో బ్రేమార్ కన్నా ఇదే మెరుగు: లండన్ యూస్టన్ నుంచి రాత్రి స్లీపర్ రైలు నేరుగా వస్తుంది, సూపర్ మార్కెట్ ఉంది, కూర వండుకోవచ్చు. మేం కింగ్యూసీలో వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకున్నాం, కుటుంబంతో వెళ్లేవాళ్లకి అదే నా సలహా. ఆవీమోర్ ఊరు నాకు అంతగా నచ్చలేదు, దుకాణాలూ హోటళ్లే ఎక్కువ.

గ్లెన్‌ఫెషీ మాత్రం వదలకూడదు. 2006లో డెన్మార్క్ వ్యాపారి ఆండర్స్ పోవ్‌ల్సెన్ కొన్న ఎస్టేట్ ఇది. ఆ లోయలో చదరపు కిలోమీటరుకి నలభై దాకా ఉన్న జింకల్ని ఒకటి రెండుకి తగ్గించారు. అప్పట్లో పెద్ద గొడవైంది, చుట్టుపక్కల ఎస్టేట్లవాళ్లు మా జింకలు కూడా పోతున్నాయన్నారు. వాళ్ల బతుకు వేట మీదే కాబట్టి ఆ బాధ అబద్ధం కాదు. కానీ అచ్లీన్ కార్ పార్క్ నుంచి నది వెంట రూయి అయిటియాకన్ బోతీ దాకా నడిచి చూడండి. పైన్, బర్చ్, జూనిపర్ ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తున్నాయి. బోతీ అంటే తాళం లేని రాతిగది, డబ్బు కట్టక్కర్లేదు, పొయ్యి ఉంటుంది, మన పరుపూ తిండీ మనమే మోసుకెళ్లాలి. వాన పడితే మధ్యలో ఆల్ట్ గార్‌లాక్ వాగు దాటడం కష్టం, దారి కోసుకుపోయి ఉంది. పిల్లలతో అయితే వద్దు. మార్ లాడ్జ్, గ్లెన్‌ఫెషీ రెండిట్లో ఒక్కదానికే టైముంటే నేను గ్లెన్‌ఫెషీకే ఓటేస్తాను.

గ్రౌస్ మూర్లు, అంటే గ్రౌస్ అనే పక్షిని వేటాడే కొండనేలలు, దూరం నుంచి గుర్తుపట్టవచ్చు, హెదర్ అనే పొట్టి పొదల్ని తగలబెట్టిన మచ్చలతో కొండలు అతుకులేసినట్టు ఉంటాయి. ఆగస్టు 12న సీజన్ మొదలై డిసెంబరు 10 దాకా ఉంటుంది. వీటి విషయంలో నా మనసు ఇంకా ఒకవైపు మొగ్గలేదు. నార్తంబర్‌లాండ్‌లోని ఆటర్‌బర్న్‌లో 2000 నుంచి 2008 వరకు జరిగిన ప్రయోగంలో కీపర్లు (వేట నేలల్ని చూసుకునేవాళ్లు) నక్కల్ని, కాకుల్ని అదుపు చేసినచోట కర్ల్యూ లాంటి పక్షుల పిల్లలు మూడు రెట్లు ఎక్కువగా బతికాయి. అదే సమయంలో స్కాట్లాండ్‌లో శాటిలైట్ ట్యాగులు కట్టిన 131 బంగారు గద్దల్లో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయని 2017లో ప్రభుత్వం కోసం చేసిన సమీక్షలో తేలింది, అందులో ఎక్కువ భాగం గ్రౌస్ మూర్ల దగ్గరే. 2024 చట్టంతో గ్రౌస్ వేటకి లైసెన్సు తప్పనిసరి చేశారు. అది రావాల్సిందే. నిజాయితీగా పనిచేసే కీపర్లకి కూడా అదే మంచిది.

వెళ్లేవాళ్లకి ఇంకో మాట. 2003 చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో ఎవరైనా కొండల్లో నడవవచ్చు, కానీ జులై నుంచి అక్టోబరు 20 దాకా ఏ కొండ మీద వేట ఉందో ఎస్టేట్లు బోర్డులు పెడతాయి, ఆన్‌లైన్‌లోనూ చెబుతాయి. చూసుకుని వెళ్తే వాళ్ల పనికీ అడ్డం ఉండదు, మన నడకా సాగుతుంది. రాత్రి పడుకోబోయే ముందు కాళ్లు, మోకాళ్ల వెనక పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి, లైమ్ జబ్బు ఆ గడ్డిలోంచే వస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆడజింకల సీజన్‌లో వెళ్లండి. అక్టోబరు 21 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, ధర చాలా తక్కువ. అడవికి నిజంగా పనికొచ్చే వేట కూడా అదే, ఎందుకంటే మంద పెరిగేది ఆడజింకల వల్లే. డిసెంబరులో మూడున్నరకే చీకటి పడుతుంది, మంచు ఉంటుంది, కాబట్టి ఊలు బట్టలు రెండు జతలు ఎక్కువే పెట్టుకోవాలి. అన్న జనవరికి అదే ఎస్టేట్‌లో చోటు అడిగి పెట్టాడు. ఈసారి మా ఆవిడ కూడా వస్తానంటోంది, ఆ దవడల పుస్తకం చూడాలట.